ఇరవయ్యో తారీఖు మెడనొప్పి

సుగుణ గారు మా ఫిజియోథెరపీ క్లినిక్‌కు మొదటిసారి వచ్చింది 2025 జూన్ 23న. పేరు మార్చాను. రాసినదంతా ఆమెకు చదివి వినిపించాకే ఇక్కడ పెడుతున్నాను. వయసు 43. నెల్లూరు ట్రంకు రోడ్డు వెనక సందులో ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్ దగ్గర అకౌంటెంట్. 16 ఏళ్ళుగా అదే ఆఫీసు, అదే బల్ల. మెడకు బెల్టు పెట్టుకుని, చంకలో ఎక్స్‌రే కవరుతో వచ్చారు. కూర్చోకముందే కవరు నా బల్ల మీద పెట్టి, "మెడ ఎముక అరిగిపోయుండాదంట మేడమ్. నాకింక ఇదింతేనా?" అన్నారు.

నొప్పి మొదలై ఎనిమిది నెలలు. మెడ వెనక, కుడి భుజం మీద, వీపు మీది కుడి రెక్క ఎముక లోపలి అంచున ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి తల వెనక నుంచి కణతల దాకా పాకుతుంది. అప్పుడప్పుడు ఎడమ భుజం కూడా పట్టేస్తుంది. రాత్రిళ్ళు కుడి చెయ్యి మొద్దుబారుతుందని కూడా చెప్పారు. నేను 'మెడనొప్పి, కుడి చేతికి తిమ్మిరి' అని రాసుకున్నాను. ఏ వేళ్ళకు అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల నెలన్నర పైనే పోయింది.

ఇంకో మాట కూడా చెప్పారు. "అమావాస్యకీ పున్నానికీ ఎక్కువవుతుండాది మేడమ్. మా అత్త గూడా అదే అంటుండాది." నేను నవ్వి ఊరుకున్నాను. కేసు షీటులో రాయలేదు.

మొదటి పరీక్ష

ముందు భయపడాల్సిన సంగతులేమైనా ఉన్నాయేమో చూశాను. నడకలో తూలు లేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడంలో తడబాటు లేదు. మూత్రం, విరేచనం మామూలే. జ్వరం, బరువు తగ్గడం లాంటివి లేవు. నొప్పికి, ఆయాసానికి సంబంధం లేదు. వీటిలో ఏది ఉన్నా మా దగ్గర కరెంటు పెట్టించుకుంటూ కూర్చోకూడదు, వెంటనే డాక్టర్‌ దగ్గరికి పంపాలి.

తల కుడికి బాగానే తిరుగుతోంది, ఎడమకు తిప్పితే సుమారు 50 డిగ్రీల దగ్గర ఆగిపోతోంది. భుజాల మీది కండరాలు తాడు పేనినట్టున్నాయి, కుడివైపు మరీ. తలను వెనక్కి, పక్కకు వంచి పైనుంచి నొక్కి చూస్తే చేతిలోకి నొప్పి దిగలేదు. మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర రిఫ్లెక్సులు రెండు చేతులకూ సమానం. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం లోపలికి లాక్కుని తలను ఒక్క అంగుళం ఎత్తి పట్టుకోమంటే 9 సెకన్లకే వణికి పడిపోయింది. మెడనొప్పి లేని ఆడవాళ్ళు సగటున అరనిమిషం దాకా పట్టుకోగలరు. పదికి నొప్పి ఎంత అంటే 7 అన్నారు. మెడనొప్పి రోజువారీ పనికి ఎంత అడ్డొస్తోందో కొలిచే పది ప్రశ్నల సూచీలో 50కి 22 వచ్చింది.

ఎక్స్‌రేలో ఉన్నది ఐదో, ఆరో వెన్నుపూసల మధ్య కొంచెం సందు తగ్గడం, చిన్న ముల్లు లాంటి పెరుగుదల. నలభై దాటిన మెడల్లో ఇది తెల్ల వెంట్రుక లాంటిది. జపాన్‌లో ఏ నొప్పీ లేని 1211 మందికి మెడ ఎమ్మారై తీసి 2015లో ప్రచురించారు. వాళ్ళలో దాదాపు 88 శాతం మందికి డిస్కు ఉబ్బి ఉంది. అందుకని 'అరిగిపోయింది' అన్న మాట పేషెంట్ ముందు వాడకూడదని నా అభిప్రాయం. ఆ మాట విన్న మనిషి మెడ తిప్పడానికే భయపడతాడు. సుగుణ గారు నాలుగు నెలలుగా పొద్దున్నుంచి రాత్రి దాకా బెల్టు తియ్యలేదు. దాంతో మెడ కండరాలు ఇంకా బలం కోల్పోయాయి.

ఇంత తెలిసీ, చేతి తిమ్మిరి దగ్గరికి వచ్చేసరికి నేనూ ఆ ఎక్స్‌రేనే నమ్మాను. మెడలో సందు తగ్గింది, చేతికి తిమ్మిరి ఉంది, కాబట్టి మెడ నుంచే వస్తుంది అనుకున్నాను. నొక్కి చూసిన పరీక్షలో ఏమీ తేలకపోయినా అనుకున్నాను.

పది సిట్టింగులు

బెల్టు వారంలో మాన్పించాను. పది సిట్టింగులు పెట్టాం. వేడి కాపడం, కరెంటు, చేత్తో కండరాలు వదులు చెయ్యడం, ఇంటికి నాలుగు వ్యాయామాలు. మెడ లాగడం నేను చెయ్యలేదు, ఆమె అడిగినా. జూలై 5 నాటికి నొప్పి 3కి దిగింది. ఇద్దరం సంతోషపడ్డాం.

జూలై 6 నుంచి రొట్టెల పండగ. స్వర్ణాల చెరువు వైపు ట్రాఫిక్కు జడిసి ఆమె ఆ వారం రాలేదు. 12న వచ్చేసరికి నొప్పి మళ్ళీ 7. "వ్యాయామాలు మానేసుంటారు, అవునా అక్కా?" అన్నాను. గొంతులో విసుగు దాచుకోలేదు. ఆమె తల దించుకుని, "లేదు మేడమ్, రోజూ చేస్తానే ఉండా. పదో తారీఖు పున్నం గదా, అందుకని" అన్నారు.

ఆ మాటకు ఈసారి నవ్వు రాలేదు. జూలై 10 నిజంగానే పౌర్ణమి. జూన్ 23న నా దగ్గరికి వచ్చిన రెండు రోజులకే అమావాస్య. నెలకు రెండుసార్లు పెరుగుతుందని ఈమె మొదటి రోజే చెప్పింది, నేను రాసుకోలేదు. కారణం ఏదైనా కానీ, లెక్క ఆమె దగ్గర ఉంది.

ఇంట్లో పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ ఉందా అని అడిగాను. ఉంది. రాత్రి పడుకునే ముందు ఆ రోజు గడిలో మెడనొప్పికి పదికి ఎన్నో ఒక అంకె వెయ్యమన్నాను, చెయ్యి మొద్దుబారడానికి ఇంకో అంకె. ఆమె లెక్కల మనిషి. మెడకు నీలం ఇంకు, చేతికి ఎరుపు ఇంకు అని తనే పెట్టుకున్నారు.

క్యాలెండర్ చెప్పింది

ఆగస్టు 12న జూలై, ఆగస్టు కాగితాలు రెండూ చింపుకుని తెచ్చారు. పాలవాడి అరలీటర్ గీతల మధ్య నీలం అంకెలు, ఎర్ర అంకెలు.

ముందు నీలం అంకెలు చూశాం. జూలై 12 తర్వాత మెల్లగా తగ్గి 15కి 3. 17న 5. 19న 7. 20న 8, ఆ రోజు ఆదివారం. 24 అమావాస్య, ఆ గడిలో 3. ఆగస్టు 8న 2. మర్నాడే పౌర్ణమి, ఆ గడిలో 4. 10న 6, 11న 7. నా వేలు 20 మీద పెట్టి, "ఆదివారం నాడు ఇంత ఎందుకుంది అక్కా?" అని అడిగాను. "ఆ రోజు త్రీబీ ఆఖరు గదా మేడమ్, రాత్రి పదిన్నర దాకా ఆఫీసులోనే ఉండాం" అన్నారు. అలా అని తనే ఆ కాగితం వంక చూస్తూ ఉండిపోయారు.

వ్యాపారం లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసే వ్యాపారి అమ్మకాల వివరాలు తర్వాతి నెల 11లోగా, పన్ను లెక్క 20లోగా దాఖలు చెయ్యాలి. వాటిని జీఎస్టీఆర్ వన్ అని, త్రీబీ అని అంటారు. తేదీ దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము. సుగుణ గారి ఆఫీసుకు వంద పైచిలుకు పార్టీలు. రొయ్యల మేత డీలర్లు, బియ్యం మిల్లులు, సిమెంటు కొట్లు, రెండు బంగారం షాపులు. అందరూ బిల్లులు తెచ్చిచ్చేది 8న ఒకసారి, 17న ఒకసారి. ఆ ఏడు జూన్, జూలై నెలల్లో పున్నమి 11వ తారీఖు పక్కన, అమావాస్య 20 దాటగానే పడ్డాయి. అత్తాకోడళ్ళు ఆకాశంలో వెతికింది ఆఫీసు గోడ మీదే ఉంది.

ఎర్ర అంకెలు ఇంకో కథ. వాటికి 11తో, 20తో పనిలేదు. వారం పొడుగునా 3, 4 ఉండి ఆదివారం రాత్రి 5, 6. అన్నిటికన్నా పెద్దది ఆగస్టు 8న, 7. ఆ రోజు శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. ఆమె సెలవు పెట్టారు. తెల్లవారుజామున లేచి పిండి కలిపి, పూర్ణం బూరెలు వండి, సాయంత్రం పేరంటాళ్ళకు శనగలు పంచి, గిన్నెలన్నీ తోముకుని పడుకున్నారు. మెడ 2, చెయ్యి 7. మెడ ఇంత హాయిగా ఉన్న రోజున చెయ్యి ఇంత మొద్దుబారిందంటే ఆ తిమ్మిరి మెడ నుంచి వస్తున్నది కాదు.

ఒక కాగితం మీద అరచెయ్యి బొమ్మ గీసి పెన్ను ఇచ్చాను. మొద్దుబారే చోటు నింపమన్నాను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పూర్తిగా నింపారు. ఉంగరం వేలు దగ్గర పెన్ను ఆపి, వేలు మధ్యలో గీత గీసి బొటనవేలి వైపు సగమే నింపారు. చిటికెన వేలు ముట్టుకోలేదు. పాఠ్యపుస్తకం గీసినా అంతకన్నా బాగా గీయదు. "రాత్రి మెలకువొస్తే ఏం చేస్తారు?" అంటే చెయ్యి మంచం పక్కకు వేలాడేసి థర్మామీటర్ విదిలించినట్టు విదిలించి చూపించారు. మణికట్టులు రెండూ వంచి చేతుల వెనక భాగాలు ఆనించి పట్టుకోమన్నాను. ఒక నిమిషం పట్టే పరీక్ష. 20 సెకన్లకే మధ్యవేలు జివ్వుమంది.

మణికట్టు లోపల ఎముకలకూ గట్టి పట్టీకీ మధ్య ఇరుకు దారిలో మీడియన్ నరం నలగడం, అంటే కార్పల్ టన్నెల్. మెడనొప్పి వేరు, ఇది వేరు. ఒకే మనిషికి, ఒకే చేతి వైపు రెండు జబ్బులు ఉండకూడదని ఎక్కడా రాసి లేదు. నేనే ఒకదాన్ని ఇంకోదానికి కలిపి కుట్టేశాను.

కార్పల్ టన్నెల్ అనగానే కంప్యూటర్ మీద పడేస్తారు. షుగరు, థైరాయిడ్, గర్భం, మెనోపాజ్ దగ్గరి వయసు, ఇవి కూడా దానికి దారి తీస్తాయి. ఫిజీషియన్ దగ్గరికి పంపాను. షుగరు లేదు. థైరాయిడ్ తక్కువగా పని చేస్తోంది. అడిగితే బయటపడింది, రెండేళ్ళ కిందట మాత్ర వాడుతూ, "ఒళ్ళు బాగానే ఉండాది గదా" అని మానేశారు. మళ్ళీ మొదలుపెట్టించారు. నరాల పరీక్షలో కుడి మణికట్టు దగ్గర ఒక మోస్తరు అడ్డంకి కనిపించింది. ఆపరేషన్ అవసరం లేదు, కొన్ని నెలలు చూద్దామని న్యూరాలజిస్టు అన్నారు.

ఆఫీసులో ఒక సాయంత్రం

ఆగస్టు 19, మంగళవారం సాయంత్రం ఐదింటికి ఆమె ఆఫీసుకు వెళ్ళాను. ఓనర్ గారికి ముందే ఫోన్ చేసి అడిగాను. "రండి మేడమ్, కానీ ఇయ్యాల, రేపు మాత్రం ఆమెని లేపొద్దు" అన్నారు. లేపను, చూస్తాను అన్నాను. పన్నెండేళ్ళ ప్రాక్టీసులో పేషెంట్ పని చేసే చోటుకు నేను వెళ్ళడం అప్పటికి మూడోసారి. తల్చుకుంటే సిగ్గుగానే ఉంది.

ఒక మూల ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని పది నిమిషాలు వాచీ పెట్టుకుని చూశాను. బల్ల నడుమ ప్రింటర్ ఉంది, దానికి చోటివ్వడానికి మానిటర్ కుడికి జరిగింది. బిల్లుల కట్ట ఎడమవైపు బల్ల మీద పరిచి ఉంది. ఆమె ఎడమకు తిరిగి వంగి బిల్లు చూస్తారు, తల ఎత్తి కుడికి తిరిగి తెర చూస్తారు, మళ్ళీ ఎడమకు వంగుతారు. తేదీకి ఒకసారి, పార్టీ పేరుకు ఒకసారి, జీఎస్టీ నంబరుకు రెండుసార్లు, మొత్తానికి ఒకసారి. పది నిమిషాల్లో 68 సార్లు తిరిగింది ఆ మెడ. ఎడమకు 50 డిగ్రీల దగ్గర ఎందుకు ఆగిపోతోందో నా క్లినిక్‌లో ఎన్ని సిట్టింగులు పెట్టినా తెలిసేది కాదు.

తర్వాత టైలర్ టేపు తీశాను. సుగుణ గారు 4 అడుగుల 11 అంగుళాలు. కుర్చీ ఇనుపది, ఎత్తు 17 అంగుళాలు. కూర్చుంటే మోచెయ్యి కుర్చీ మీద నుంచి ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తులో ఉంది, అంటే నేల నుంచి ఇరవై ఐదున్నర. కీబోర్డు మీద వేళ్ళు ఆనే ఎత్తు 31. ఐదున్నర అంగుళాల తేడా. ఆ తేడాను రోజంతా భుజాలు పైకెత్తి ఆమె పూడుస్తున్నారు. బల్ల ఓనర్ గారి నాన్నగారు చేయించిన టేకు బల్ల. ఆరడుగుల మనిషి రాసుకోవడానికి చేయించుకున్నది.

కుడిచేతి వైపు అంకెల మీటలు, వాటికి అవతల మౌసు. ఆమె రోజంతా కొట్టేది అంకెలే, అక్షరాలు అరుదు. అంకెల మీటల కోసం చెయ్యి కుడికి వెళుతుంది, మౌసు కోసం ఇంకా కుడికి చాచాలి. పైకెత్తిన భుజాన్ని పక్కకు చాపి పట్టుకోవడం అన్నమాట. మణికట్టు బల్ల అంచు మీద ఆని పైకి వంగి ఉంది.

ఆరు దాటాక అసలు పని మొదలైంది. రిటర్న్ దాఖలు చెయ్యాలంటే వ్యాపారి ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, అది ఆయన చదివి చెప్పాలి. సుగుణ గారు ఫోన్ ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఇరికించారు. కుడిచేత్తో అంకెలు. "అన్నా, ఓటీపీ వచ్చుండాది చూడండి... ఆ, చెప్పండి... ఆరు సున్నా ఏంది? మళ్ళా చెప్పండి." సైటు తిరుగుతూ ఉంటుంది. ఓటీపీ గడువు దాటిపోతుంది. మళ్ళీ ఫోన్. ఆ గంటలో 23 ఫోన్లు. ఒక్కసారి కూడా ఫోన్ చేతిలోకి రాలేదు. 11కి, 20కి ఎడమ భుజం ఎందుకు పట్టేస్తుందో అక్కడ తెలిసింది.

కూర్చునే తీరుకు మార్కులు వేసే రూలా అనే పద్ధతి ఉంది. 1993లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారు చేసింది. 1 నుంచి 7 దాకా వేస్తారు, 7 అంటే వెంటనే మార్చమని. ఫోన్ ఇరికించుకుని ఉన్నప్పుడు ఆమెకు 7 పడింది.

రాతపని వాళ్ళ నొప్పులు కంప్యూటర్‌తో వచ్చినవేం కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1713లోనే గుమాస్తాల గురించి రాశాడు. ఎప్పుడూ కూర్చునే ఉండడం, చెయ్యి ఒకే రకంగా ఆడుతూ ఉండడం, లెక్క తప్పుతుందేమోనన్న టెన్షన్, ఈ మూడూ కారణాలన్నాడు. ఆయనకు తెలిసిన ఒక దస్తావేజుల రాతగాడు కుడిచెయ్యి పడిపోతే ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడట, కొన్నాళ్ళకు ఆ చెయ్యీ అలాగే అయింది. మౌసు ఎడమచేతికి మార్చేద్దామా అని సుగుణ గారు అడిగినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చి వద్దన్నాను. చెయ్యి మార్చడం కన్నా చోటు మార్చడం నయం.

మార్చినవి

ముందు నాకు తట్టింది బల్ల కాళ్ళు రెండంగుళాలు కోయించడం. ఆ మాట అనగానే ఓనర్ గారి ముఖం మారిపోయింది. "నాన్న బల్ల మేడమ్" అన్నారు. మళ్ళీ ఎత్తలేదు. సెకండ్ హ్యాండ్‌లో పైకీ కిందకీ జరిగే కుర్చీ ఒకటి కొనిపించాం. 21 అంగుళాలకు లేపితే మోచేతులు దాదాపు సరిపడా వచ్చాయి. కానీ రెండు చిక్కులు. తొడలు బల్ల నడిమి సొరుగుకు తగిలాయి. కాళ్ళు గాల్లో వేలాడాయి. సొరుగు ఊడదీయించాం, అందులోంచి రబ్బరు స్టాంపులు, ఎండిన ఇంకు ప్యాడ్లు, అగరొత్తుల పెట్టె బయటికొచ్చాయి. కాళ్ళ కిందికి ఆమె ఇంటి నుంచి భోజనాల పీట తెచ్చుకున్నారు. నాలుగంగుళాల ఎత్తు, అచ్చం కావాల్సినంత.

బిల్లులు పెట్టుకోవడానికి వాలు స్టాండు ఆన్‌లైన్‌లో చూస్తే ధర ఎక్కువ, రావడానికి వారం. సుగుణ గారే అడిగారు, "మేడమ్, మా మామ రామాయణం చదూకునే వ్యాసపీఠం పనికొస్తుందా?" రంగనాయకుల గుడి దగ్గర కొన్న చెక్క వ్యాసపీఠం, మడిస్తే చదునుగా అయిపోతుంది. దాని మీద అట్ట పెట్టి, అట్టకు క్లిప్పుతో బిల్లులు గుచ్చాం. కీబోర్డుకూ మానిటర్‌కూ మధ్యలో, సరిగ్గా ఎదురుగా. ప్రింటర్ పక్క బల్లకు పోయింది, మానిటర్ నడుమకు వచ్చింది. మర్నాడు మామగారి కోసం కొత్త వ్యాసపీఠం కొన్నారట. గుడి సామాను ఆఫీసుకు పట్టుకెళ్ళినందుకు అత్తగారు రెండు రోజులు ముభావంగా ఉన్నారని చెప్పారు.

కీబోర్డును అర జానెడు ఎడమకు జరిపాను. పుస్తకాల్లో ఉండే బొమ్మల్లో అక్షరాల మధ్యభాగం బొడ్డుకు ఎదురుగా ఉండాలని ఉంటుంది. అది ఉత్తరాలు కొట్టేవాళ్ళకు. అంకెలు కొట్టే మనిషికి అంకెల మీటలు కుడి భుజానికి ఎదురుగా రావాలి, దాంతో మౌసు కూడా దగ్గరికొస్తుంది. ఈ పని పైసా ఖర్చు లేకుండా ఒక్క నిమిషంలో అయింది. అన్నిటికన్నా ఎక్కువ గుణం ఇచ్చింది ఇదే అని నా అనుమానం, రుజువు చూపించలేను.

ఫోన్‌కు వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టించాను. ఇక విరామాలు. అరగంటకోసారి లేవండి అని ఏ ఫిజియో అయినా చెబుతాం. 20వ తారీఖున ఎవరూ లేవరు, ఓనర్ లేవనివ్వడు. అందుకని పనిలోనే దారి వెతికాం. ఓటీపీ కోసం ఫోన్ కలిపిన ప్రతిసారీ లేచి నిలబడాలి, అంకెలు వచ్చాక కూర్చోవాలి. అంటే పని ఎంత ఎక్కువైతే అన్నిసార్లు లేస్తారు. ఓనర్ గారికి కూడా అభ్యంతరం చెప్పడానికి ఏమీ దొరకలేదు.

వ్యాయామాలు రెండే ఉంచాను. రబ్బరు బ్యాండు కాళ్ళ కింద తొక్కిపెట్టి రెండు చేతులూ పక్కలకు భుజాల ఎత్తు దాకా లేపడం, రోజుకు రెండు నిమిషాలు, వారానికి ఐదు రోజులు. డెన్మార్క్‌లో మెడ, భుజాల నొప్పి తరచూ వచ్చే 198 మంది మీద పదివారాలు చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో రోజుకు 12 నిమిషాలు చేసినవాళ్ళతో పాటు, 2 నిమిషాలే చేసినవాళ్ళకూ నొప్పి తగ్గింది. రెండు నిమిషాలంటే మానడానికి సాకు దొరకదు. దీనికి తోడు పడుకునే ముందు గడ్డం లోపలికి లాగి తల ఎత్తి పట్టుకోవడం. అంతే.

చేతికి రాత్రిపూట మణికట్టు తిన్నగా నిలబెట్టే పట్టీ ఇచ్చాను. నెల్లూరు ఆగస్టు ఉక్కలో, కరెంటు పోయిన రాత్రి దాన్ని ఎవరు ఉంచుకుంటారు? మొదటి వారం అర్ధరాత్రికి విప్పి పారేశారు. పాత బనియన్ గుడ్డ కత్తిరించి లోపల తొడుక్కోమంటే దురద తగ్గి తెల్లారేదాకా ఉంచుకోగలిగారు. మణికట్టును మెలిపెట్టే పని కాబట్టి బట్టలు పిండడం కొడుకుకు అప్పజెప్పాం, ఇంటర్ చదువుతున్నాడు. కత్తిపీట మాత్రం వదలనన్నారు. ఆదివారం చేపలు కత్తిపీట మీద కోస్తే తప్ప ఆమెకు కోసినట్టుండదు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు.

తర్వాత

సెప్టెంబర్ ఆ ఆఫీసుకు గట్టి నెల. ఆదాయపు పన్ను రిటర్న్‌ల గడువు ఆ ఏడాది సెప్టెంబర్ దాకా జరిగింది, దాని వెనకే ఆడిట్లు. మెడ మళ్ళీ మొదటికొస్తుందనే భయపడ్డాను. 15న 5, 20న 5. అంతకు మించలేదు.

అక్టోబర్ కాగితం నేను దాచుకున్నాను. దీపావళి 20న పడింది. ఆ నెల త్రీబీ గడువు 25కి పొడిగించారు. దీపావళి అంటే అమావాస్య. సుగుణ గారి గడుల్లో 20న 1, 21న 1, 23న 3, 24న 4, 25న 3. గడువు ఐదు రోజులు జరిగితే నొప్పీ వెంటే జరిగింది. ఆ కాగితం ఆమే నా ముందు పెట్టి, "మా అత్తకి చూపించినా మేడమ్. ఈ నెల అమావాస్యే లేటుగా వచ్చిందేమో అనింది" అని నవ్వారు.

నవంబర్ 22న మొదటి రోజు పరీక్షలన్నీ మళ్ళీ చేశాను. పది ప్రశ్నల సూచీ 22 నుంచి 9కి దిగింది. తల ఎత్తి పట్టుకునే సమయం 9 సెకన్ల నుంచి 23కి పెరిగింది. ఎడమకు మెడ తిరగడం దాదాపు కుడితో సమానం. ఫైలింగ్ రోజుల్లో పోయి కూర్చుని చూస్తే కూర్చునే తీరుకు 3 మార్కులు పడ్డాయి. తలనొప్పి నెలకు ఒకటి, రెండుసార్లు. చేతి తిమ్మిరి తగ్గింది కానీ పోలేదు, వారానికి రెండు రాత్రులు మెలకువ వస్తోంది. అందులో థైరాయిడ్ మాత్ర వాటా ఎంత, పట్టీ వాటా ఎంత, పిండడం మానిన వాటా ఎంత అనేది ఒక్క కేసుతో విడదీసి చెప్పలేను. మెడ సంగతీ అంతే. కుర్చీ, వ్యాసపీఠం, బ్యాండు అన్నీ పది రోజుల తేడాలో మొదలయ్యాయి. పేషెంటుకు మంచిదే, రాసుకునేవాళ్ళకు ఇబ్బంది.

ఆ ఆఫీసులో ఇంకో ఇద్దరు ఉన్నారు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పని చేసే 24 ఏళ్ళ కుర్రాడికి నడుంనొప్పి, అడిగితే గానీ చెప్పలేదు. వాడికింకా కుర్చీ మారలేదు. ఓనర్ గారు సంక్రాంతి తర్వాత చూద్దాం అన్నారు.

కేసు షీటులో నేను మార్చుకున్నవి రెండు. తిమ్మిరి అన్న ప్రతివాళ్ళకూ మొదటి రోజే చెయ్యి బొమ్మ, పెన్ను ఇస్తున్నాను. 'మీ పనిలో నెలలో ఏ తారీఖులు గట్టివి' అని ఒక గీత చేర్చాను. మొన్న ఒక బ్యాంకు క్లర్కు ఒకటో తారీఖు నుంచి ఏడు దాకా అని రాశారు, పెన్షన్ల వారం. ఒక స్కూలు టీచరమ్మ పేపర్లు దిద్దే రోజులు రాశారు.

సుగుణ గారికి డిసెంబర్ 31న వార్షిక రిటర్న్‌ల ఆఖరు తేదీ ఉంది. ఆ కాగితం జనవరి మొదటి వారంలో తెస్తారు. అప్పుడే నరాల పరీక్ష, థైరాయిడ్ రక్తపరీక్ష మళ్ళీ చేయించాలి. నరం దగ్గర అడ్డంకి అలాగే ఉంటే ఆపరేషన్ సంగతి న్యూరాలజిస్టుతో మళ్ళీ మాట్లాడతాం.